ఐడీ కార్డుతో క్యాంటీన్ నడపాలంటే ముందు తేల్చుకోవాల్సింది కార్డు కాదు, లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు షిఫ్టుల్లో కలిపి 1,200 మంది పనిచేసే చోట ఇన్నాళ్లూ కాగితం కూపన్లతో, నగదుతో క్యాంటీన్ నడిచింది. ఇప్పుడు గేటు దగ్గర వాడే ఐడీ కార్డుతోనే భోజనం, కాఫీ మెషిన్, స్నాక్స్ మెషిన్, యూనిఫాంలు ఉతికే మెషిన్లు, ప్రింటర్లు అన్నీ నడవాలని యాజమాన్యం అంటోంది. ముగ్గురు వెండర్లు వచ్చి డెమోలు ఇచ్చారు, మూడూ ఒకేలా కనిపించాయి. ఏ కార్డు తీసుకోవాలి అని అడిగారు.

నేను ఈ పనిలోకి క్యాంటీన్ లెక్కలు చూసే మనిషిగా వచ్చాను. తర్వాత ఇలాంటి సిస్టమ్‌లు పెట్టించడం, నడపడం, పాడైతే అర్ధరాత్రి వెళ్లి బాగుచేయించడం చాలా ఏళ్లు చేశాను. అందుకే చెప్తున్నాను, కార్డు గురించి చివర్లో ఆలోచించండి. డెమోలో మూడూ ఒకేలా కనిపించడానికి కారణం, డెమోలో నెట్‌వర్క్ ఉంటుంది, క్యూ ఉండదు, ఉద్యోగం మానేసే మనిషి ఉండడు. తేడా బయటపడేది అవి ఎదురైనప్పుడే. ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఉద్యోగి బ్యాలెన్స్ ఎక్కడ రాసి ఉంటుంది? ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

మొదటిదానికి రెండు పాత పద్ధతులున్నాయి. ఒకదానిలో బ్యాలెన్స్ కార్డు చిప్‌లోనే ఉంటుంది. కార్డు పెట్టగానే మెషిన్ ఆ అంకెను చదివి, తగ్గించి, తిరిగి చిప్‌లో రాస్తుంది. నెట్‌వర్క్ అక్కర్లేదు, వేగంగా అయిపోతుంది. కానీ కార్డు పోతే ఎంత పోయిందో వెంటనే చెప్పలేం. అన్ని మెషిన్ల నుంచి లావాదేవీలు వచ్చి చేరేదాకా ఆగాలి. ఇంట్లో కూర్చుని రీచార్జ్ చేసినా, ఆ మనిషి కార్డును ఏదో ఒక రీడర్ దగ్గర పెడితే గాని డబ్బు చిప్‌లోకి చేరదు. ఇంకో చిక్కు, రాస్తుండగా మధ్యలో కార్డు లాగేయడం. మైఫేర్ క్లాసిక్ అనే పాత రకం చిప్ కార్డులో ఒక అంకెను మూడుసార్లు రాస్తారు, అందులో ఒకసారి తలకిందులు చేసి, అంటే సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా మార్చి. మూడూ సరిపోలకపోతే ఆ అంకె చెడిందని తెలుస్తుంది. తెలుస్తుంది సరే, అసలు అంకె ఎంతో తేల్చడానికి రెండో చోట కాపీ ఉంచుకోవాలి. డెస్‌ఫైర్ అనే కొత్త రకం కార్డులు ఈ పని తామే చూసుకుంటాయి. మార్పు ఖాయం చేయమని చివరి ఆదేశం అందితేనే కొత్త అంకె చెల్లుతుంది, లేకపోతే పాతదే ఉంటుంది.

రెండో పద్ధతిలో కార్డులో ఉండేది గుర్తింపు మాత్రమే. బ్యాలెన్స్ సర్వర్‌లో ఉంటుంది. కార్డు పోతే దాన్ని ఆపేసి, కొత్త కార్డును అదే ఖాతాకు కలిపితే చాలు, డబ్బు ఎక్కడికీ పోదు. సబ్సిడీ ఇవ్వడం, రీఫండ్ చేయడం, రీచార్జ్ అన్నీ తేలిక. నెట్‌వర్క్ పోయినప్పుడు మాత్రం లైనంతా నిలబడిపోతుంది.

మీలాంటి చోటికి నేను సూచించేది రెండింటికీ మధ్యది. అసలు లెక్క సర్వర్‌లో, దాని తాజా నకలు ప్రతి కౌంటర్ మెషిన్‌లో. నెట్‌వర్క్ ఉంటే సర్వర్‌ను అడుగుతుంది. లేకపోతే తన దగ్గరున్న నకలు చూసి, ఒక పరిమితి వరకు అమ్మకం ఒప్పుకుని, లైన్ రాగానే పంపేస్తుంది. ఇందులో రిస్క్ ఎంతో కూడా లెక్కగట్టవచ్చు. 8 కౌంటర్లుండి, ఆఫ్‌లైన్‌లో ఒక్కో కార్డుకు 2 లావాదేవీలు ఒప్పుకుంటే, ఒక మనిషి ఖాళీ బ్యాలెన్స్‌తో గరిష్ఠంగా 16 సార్లు కొనగలడు. నిజంగా అలా ఎనిమిది కౌంటర్లూ తిరిగి మోసం చేసిన మనిషిని నేను చూడలేదు. ఆకలితో లైన్లో నిలబడి, సర్వర్ డౌన్ అని విని, తినకుండా షిఫ్టుకు వెళ్లిపోయిన వాళ్లను మాత్రం చాలామందిని చూశాను. ఆ కొద్దిపాటి రిస్క్ సంస్థే భరించాలి. ఆ మాట కాగితం మీద ఉండాలి.

ఆఫ్‌లైన్ అమ్మకాల్లో తప్పక చూసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ప్రతి లావాదేవీకి మెషిన్ నంబరు, దానితో వరుస నంబరు కలిపి ఉండాలి. లైన్ సగంలో తెగి మెషిన్ అదే లావాదేవీని రెండోసారి పంపితే, ఇది నా దగ్గర ముందే ఉంది అని సర్వర్ గుర్తుపట్టాలి. లేకపోతే ఒక భోజనానికి రెండుసార్లు డబ్బు పోతుంది. అది కనిపెట్టాల్సిన బాధ ఉద్యోగి మీద పడుతుంది.

కాబట్టి వెండర్లను మళ్లీ పిలవండి. డెమో మధ్యలో మీరే లేచి నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. ఐదారు అమ్మకాలు చేయించి కేబుల్ పెట్టండి, అన్నీ ఒక్కసారే పడ్డాయా చూడండి. కార్డు పెట్టి సగంలో లాగేయండి, పది కార్డులతో అలాగే చేయండి. అమ్మకం జరుగుతుండగా మెషిన్ కరెంట్ తీసేయండి. ఈ అరగంట ప్రయోగం వాళ్ల బ్రోచర్లన్నిటికంటే ఎక్కువ చెప్తుంది.

ఇప్పుడు కార్డు సంగతి. మీ గేటు కార్డు ఏ రకమో ముందు కనుక్కోండి. చాలాచోట్ల 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే పాత కార్డులుంటాయి. వాటిలో మామూలు రకాలు తమ నంబరును గాల్లోకి చెప్పేస్తాయి, ఎవరైనా నకలు తీయవచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ముఖం చూస్తాడు కాబట్టి అక్కడ ఎలాగో నడిచిపోతుంది. డబ్బుకు అది పనికిరాదు. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో మైఫేర్ క్లాసిక్ 1994 నాటిది. దాని రహస్య లిపి 48 బిట్ల తాళంతో, అంటే కార్డుకూ రీడర్‌కూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్యతో, పనిచేస్తుంది. 2007 డిసెంబర్‌లో పరిశోధకులు దాని లోపలి పనితీరు బయటపెట్టారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు తాళాలు బయటికి లాగి చూపించారు. ఆ పరిశోధన ప్రచురించకుండా ఆపాలని చిప్ తయారుచేసిన ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకు వెళ్లింది. 2008 జులైలో అక్కడి ఆర్నెమ్ నగర కోర్టు కుదరదంది. అప్పటినుంచి ఆ కార్డులో డబ్బు రాసి ఉంచడానికి సమర్థన లేదు. అయినా ఇప్పటికీ అమ్ముతున్నారు. ధర తక్కువ కదా అంటారు. కొత్తగా కొనేవాళ్లు ఏఈఎస్ అనే గట్టి రహస్య లిపితో, 128 బిట్ల తాళం ఉన్న కార్డే అడగండి.

ఇంకో జాగ్రత్త. ప్రతి కార్డుకు ఫ్యాక్టరీలో పడ్డ ఒక నంబరుంటుంది, యూఐడీ అంటారు. కొందరు వెండర్లు తాళాల జోలికి పోకుండా ఆ నంబరునే గుర్తింపుగా వాడతారు. ఆ నంబరు ఎవరైనా చదవవచ్చు. నంబరు మార్చుకోగల ఖాళీ కార్డులు బజార్లో దొరుకుతాయి. పైగా రేపు కార్డు బదులు ఫోన్ వాడతామంటే, చాలా ఫోన్లు ప్రతిసారీ కొత్త నంబరు చూపిస్తాయి. అందుకని తాళం వేసిన భాగంలో రాసిన గుర్తింపునే వాడమని పట్టుబట్టండి.

యూఐడీతో నాకు ఎదురైన చిక్కొకటి చెప్తాను, మీకూ ఎదురవుతుంది. గేటు సాఫ్ట్‌వేర్ నుంచి 1,000 మంది కార్డు నంబర్ల ఫైలు తెచ్చి క్యాంటీన్ సిస్టమ్‌లో ఎక్కించాం. ఒక్క కార్డూ పనిచేయలేదు. రెండు రోజులు తలలు పట్టుకున్నాక తెలిసింది ఏమిటంటే, ఒక రీడర్ ఆ నాలుగు బైట్లను ముందు నుంచి చదువుతోంది, ఇంకోటి వెనక నుంచి. సరిచేశాక అందరివీ పనిచేశాయి, ఇద్దరివి తప్ప. ఆ ఇద్దరిలో ఒకరు తింటే రెండోవారి ఖాతాలో డబ్బు తగ్గుతోంది. గేటు రీడర్లు వీగాండ్ అనే పాత పద్ధతిలో, ఒక్కోసారి 26 బిట్లుగా నంబరు పంపుతున్నాయి. అందులో నంబరుకు మిగిలేది 24 బిట్లే. నాలుగు బైట్ల నంబరులో ఒక బైటు రాలిపోతుంది. అలా రాలిపోయాక ఆ ఇద్దరి నంబర్లూ ఒకటైపోయాయి. గేటుకు ఇది ఎప్పుడూ పట్టలేదు, ఎవరొచ్చినా తలుపు తెరుచుకుంటుంది. డబ్బు దగ్గరికొచ్చేసరికి పట్టింది. కాబట్టి పాత ఫైలు నమ్మకండి. ప్రతి ఉద్యోగి కార్డునూ క్యాంటీన్ రీడర్ మీదే ఒకసారి పెట్టించి నమోదు చేయండి. మూడు షిఫ్టులకూ కలిపి వారం పడుతుంది, పడనివ్వండి.

ఖాతాను కార్డు నంబరుకు కట్టొద్దు, మనిషికి కట్టండి. కార్డు మారుతుంది, మనిషి మారడు.

తాళాలు ఎవరి దగ్గరుంటాయన్నది కూడా ఇక్కడే తేలాలి. వెండర్ తన తాళాలతో కార్డులు చేసిస్తే, రేపు వెండర్‌ను మార్చాలంటే 1,200 కార్డులూ మార్చాలి. తాళాలు మీవి కావాలి. రెండు భాగాలు చేసి ఇద్దరు అధికారుల దగ్గర విడివిడిగా, సీలు వేసి ఉంచాలి.

క్యూ గురించి. కార్డు పెడితే లైను దానంతటదే కరిగిపోతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ఒక విరామంలో 600 మంది, 30 నిమిషాలు, 3 కౌంటర్లు అనుకుందాం. కౌంటరుకు 200 మంది, 1,800 సెకన్లు, అంటే మనిషికి 9 సెకన్లు. ఒక్కొక్కరికి 9 సెకన్లు పడితే సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. సరిపోదు. జనం గడియారం పెట్టుకుని ఒక్కొక్కరుగా రారు, గుంపుగా వస్తారు. క్యూల గణితంలో అన్నిటికంటే సులువైన నమూనా తీసుకున్నా, కౌంటర్ 80 శాతం సమయం పనిలో ఉంటే అక్కడ సగటున 4 మంది ఉంటారు. 90 శాతమైతే 9 మంది. 95 శాతమైతే 19 మంది. చివరి ఐదు శాతం దగ్గరే లైను రెట్టింపు అవుతోంది. మీరు 9 సెకన్లకు కాదు, 7 సెకన్లకు గురిపెట్టాలి.

ఆ సెకన్లు కార్డు దగ్గర పోవు. కార్డు చదవడం ఒక సెకను లోపే అయిపోతుంది. క్యాషియర్ ఐటెమ్‌లు కొట్టడంలో, మనిషి కార్డు వెతుక్కోవడంలో పోతాయి. నిర్ణీత భోజనానికి ఒకే బటన్ పెట్టండి. రీడర్ క్యాషియర్ వైపు కాకుండా తినేవాళ్ల వైపు, ట్రే పెట్టే చెయ్యి కాకుండా రెండో చేతికి అందేలా ఉండాలి. బ్యాలెన్స్ వాళ్లకు పెద్ద అంకెల్లో కనిపించాలి, వెనకవాళ్లకు కనిపించకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్యాలెన్స్ చాలకపోతే ఎర్ర లైటు, బజర్ పెట్టే మెషిన్లున్నాయి. వాటిని ఆపేయించండి. నెలాఖరున పదిమంది ముందు ఆ బజర్ మోగితే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను ఒకచోట ఇది చూశాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన క్యాంటీన్‌కు రాలేదు. అప్పటినుంచి నేను పెట్టించిన ప్రతి చోటా రెండు భోజనాల పాటి అప్పు పరిమితి ఉంచమని అడుగుతున్నాను. బ్యాలెన్స్ సున్నా అయినా తినవచ్చు, తర్వాతి రీచార్జ్‌లో అది సర్దుబాటు అవుతుంది. స్క్రీన్ మీద ఒక చిన్న గుర్తు చాలు.

సబ్సిడీ మీకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి కాబోతోంది, ఎందుకంటే మీకు రాత్రి షిఫ్టు ఉంది. రోజుకు ఒక సబ్సిడీ భోజనం అని సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. సాఫ్ట్‌వేర్‌కు రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పనిచేసే మనిషి సోమవారం రాత్రి డ్యూటీకి వచ్చి 1 గంటకు తింటే అది మంగళవారం లెక్క. అదే మనిషి మంగళవారం రాత్రి మళ్లీ వచ్చి 11:30కే తింటే అదీ మంగళవారమే. రెండో భోజనానికి సబ్సిడీ లేదంటుంది, పూర్తి ధర కట్ అవుతుంది. చేసింది రెండు షిఫ్టులు, దక్కింది ఒక సబ్సిడీ. పగటి షిఫ్టువాళ్లకు ఈ సమస్య కనిపించదు, ఆఫీసులో కూర్చునే వాళ్లకు అసలే కనిపించదు. రాత్రివాళ్లు గొణుక్కుని ఊరుకుంటారు.

దీనికి మందు, సబ్సిడీని తేదీకి కాకుండా హాజరులోని షిఫ్టుకు కట్టడం. గేటు దగ్గర లోపలికి వచ్చినట్టు పడగానే ఒక భోజనం హక్కు పుడుతుంది, షిఫ్టు ముగిశాక ముగుస్తుంది. వరసగా రెండో షిఫ్టు చేస్తే రెండో హక్కు. హాజరు సిస్టమ్‌తో కలపడం కుదరకపోతే, కనీసం క్యాంటీన్ రోజు మొదలయ్యే సమయాన్ని అర్ధరాత్రి నుంచి ఎవరూ తినని వేళకు మార్చండి. వెండర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడిగినా చాలు, రాత్రి షిఫ్టులున్న చోట అతను పనిచేశాడో లేదో తెలిసిపోతుంది.

సబ్సిడీ డబ్బు, ఉద్యోగి సొంత డబ్బు ఒకే సంచిలో వేయొద్దు. ఖాతాలో రెండు అరలుండాలి. సబ్సిడీ గడువు ముగిస్తే పోతుంది. సొంత డబ్బు ఎప్పటికీ పోకూడదు. ఒక అమ్మకం రద్దయితే ఏ అరలోంచి తీశారో ఆ అరలోకే తిరిగి వెళ్లాలి. చాలా సాఫ్ట్‌వేర్‌లు ఇక్కడే తప్పుతాయి. మొత్తాన్నీ సొంత అరలో వేస్తే సబ్సిడీ నగదుగా మారుతుంది, సబ్సిడీ అరలో వేస్తే ఉద్యోగి డబ్బు గడువుతో పాటు మాయమవుతుంది.

ఇక మెషిన్లు. కాఫీ, స్నాక్స్ మెషిన్లలో చెల్లింపు రీడర్‌ను మెషిన్‌తో కలిపే ఎమ్‌డీబీ అనే కనెక్షన్ ఉంటే మీ అదృష్టం. అందులో సంభాషణ పద్ధతిగా జరుగుతుంది. కార్డు పెట్టగానే రీడర్ ఖాతా తెరుస్తుంది, మీరు నొక్కిన వస్తువు ధర మెషిన్ అడుగుతుంది, రీడర్ ఒప్పుకుంటుంది, వస్తువు పడ్డాక పడింది అనో, పడలేదు అనో మెషిన్ చెప్తుంది. పడలేదు అని వస్తే డబ్బు వెనక్కి వెళ్లాలి. ఇది వింటే మామూలే అనిపిస్తుంది గాని, వస్తువు స్ప్రింగ్‌లో ఇరుక్కుని, మెషిన్‌లో వస్తువు పడిందో లేదో చూసే సెన్సర్ లేకపోతే, అది పడింది అనే చెప్తుంది. సెన్సర్ ఉన్న మెషిన్లే అడగండి. బిగించిన రోజున ధరల దశాంశం సరిపోయిందో లేదో ఒక కొనుగోలు చేసి చూడండి. మెషిన్, రీడర్ ఒకే దశాంశ లెక్క మీద లేకపోతే పదిరెట్లు కట్ అయిన సందర్భాలున్నాయి.

ఉతికే మెషిన్లలో చాలావాటికి ఎమ్‌డీబీ ఉండదు. కాసు పడినట్టు ఒక చిన్న కరెంట్ సంకేతం (పల్స్) ఇస్తే మెషిన్ మొదలవుతుంది. అది నిజంగా మొదలైందో లేదో రీడర్‌కు తిరిగి చెప్పే దారి ఉండదు. కాబట్టి అక్కడ ఫిర్యాదు చేసుకునే పద్ధతి సులువుగా ఉండాలి. మెషిన్ మీద ఒక నంబరు, ఫోన్ చేస్తే అదే రోజు రీఫండ్, ప్రశ్నలు వేయకుండా. అబద్ధం చెప్పి ఒక ఉతుకు డబ్బు రాబట్టుకునే వాళ్లు ఎక్కడో ఒకరు ఉండొచ్చు. ఆ ఒకరి కోసం మిగతా అందరినీ దొంగల్లా నిలబెట్టి విచారించకండి.

ప్రింటర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రింటర్ దగ్గరికి వెళ్లి కార్డు పెడితేనే కాగితం బయటికి వచ్చే పద్ధతి పెట్టండి, చాలా కాగితం మిగులుతుంది. ఆఫీసు పని ప్రింట్లు, సొంత ప్రింట్లు వేరే ఖాతాల్లో పడాలి, అంతే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, డబ్బు ఎవరి దగ్గరుంటుందన్నది. 1,200 మంది తలా కొంత ముందే కడితే, ఏ రోజు చూసినా ఒక పెద్ద మొత్తం ఎవరి ఖాతాలోనో నిలిచి ఉంటుంది. అది అమ్మకం కాదు. ఇంకా తినని భోజనాల డబ్బు. అంటే అప్పు. నేను పనిచేసిన ఒకచోట ఆ డబ్బు నేరుగా క్యాంటీన్ కాంట్రాక్టర్ ఖాతాలో పడేది. కాంట్రాక్టు ముగిసింది, కొత్తవాళ్లు వచ్చారు. పాతవాళ్లు బ్యాలెన్స్‌లు బదిలీ చేయలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లదే కాబట్టి ఎవరికి ఎంత ఉందో జాబితా కూడా మా దగ్గర లేదు. ఉద్యోగులు మా దగ్గరికే వచ్చారు, ఎందుకంటే కార్డు మీద ఉన్నది మా సంస్థ పేరు. ఆ మొత్తం ఎవరికీ పెద్దది కాదు. అయినా తమ డబ్బు తీసేసుకున్నారని వాళ్లన్నప్పుడు నా దగ్గర సమాధానం లేదు. చివరికి సంస్థే కట్టింది, అదీ ఉద్యోగులు చెప్పిన అంకెల ప్రకారం.

అందుకే రీచార్జ్ డబ్బు సంస్థ పేర విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకే రావాలి. కాంట్రాక్టర్‌కు అమ్మిన మేరకు, వారానికో పక్షానికో అందులోంచి చెల్లించండి. ప్రతి ఉదయం ఒక చిన్న లెక్క సరిచూడాలి. నిన్నటి మొత్తం బ్యాలెన్స్‌లు, కలిపి నిన్నటి రీచార్జ్‌లు, తీసి సొంత డబ్బుతో చేసిన ఖర్చు, తీసి ఖాతాల్లోంచి ఉద్యోగులకు బయటికి తిరిగిచ్చిన డబ్బు, వచ్చేది ఈ రోజు మొత్తం బ్యాలెన్స్ కావాలి. కాంట్రాక్టర్‌కు ఇంకా ఇవ్వని బకాయిని దానికి కలిపితే బ్యాంకులో ఉన్న మొత్తం రావాలి. మధ్యదారిలో ఉన్న చెల్లింపులుంటే వాటిని పేరుపేరునా చూపించాలి. ఒక్క రోజు తేడా వచ్చినా ఆ రోజే వెతకండి. నెల తర్వాత వెతికితే దొరకదు.

ఉద్యోగం మానేసేవాళ్ల బ్యాలెన్స్ తుది చెల్లింపుతో పాటు అడక్కుండానే వాళ్లకు వెళ్లిపోవాలి. దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తాం అనేది ఇవ్వకపోవడంతో సమానం.

రీచార్జ్‌కు కనీసం రెండు దారులుంచండి. ఫోన్‌లో చేసుకునేవాళ్లకు ఫోన్, నగదు ఇచ్చేవాళ్లకు ఒక కియోస్క్. అందరికీ ఫోన్ చెల్లింపులు అలవాటుంటాయని అనుకోవద్దు. జీతంలోంచి పట్టుకునే పద్ధతి చాలా సౌకర్యం. కానీ ఉద్యోగి రాసిచ్చిన అనుమతి, నెలకు గరిష్ఠ పరిమితి, ఏ రోజు ఎంత అన్న వివరం మూడూ ఉండాలి. జీతంలో కోత మీద చట్టం ఏం చెప్తుందో మీ జీతాల విభాగాన్ని ముందే అడగండి. ఇష్టం లేనివాళ్లు ముందే కట్టుకునే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి.

బ్యాంకు కార్డులే నేరుగా పెట్టేస్తే సరిపోదా అని కూడా మీ కమిటీలో ఎవరో అంటారు. బయటి అతిథులకు అది మంచిదే, ఒక కౌంటర్‌లో పెట్టండి. చెల్లింపు మెషిన్‌ను బ్యాంకు లేదా చెల్లింపు సంస్థ నుంచే తీసుకోండి, కార్డు నంబరు మీ సాఫ్ట్‌వేర్‌లోకి రాకుండా చూసుకోండి. వస్తే బ్యాంకు కార్డుల సమాచారం కాపాడటానికి పెట్టిన పీసీఐ డీఎస్‌ఎస్ భద్రతా నిబంధనల బరువంతా మీ మీద పడుతుంది. అందరికీ అదే పెడితే సబ్సిడీ ఇవ్వడం కష్టమవుతుంది, చిన్న చిన్న కొనుగోళ్ల మీద రుసుములూ పోగవుతాయి.

ఎవరు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్న సమాచారం ఇక మీ సర్వర్‌లో ఉంటుంది. అది ఆరోగ్యం గురించి, నమ్మకాల గురించి, అలవాట్ల గురించి చాలా చెప్పేస్తుంది. సిస్టమ్ పెట్టిన కొన్నాళ్లకే ఎవరో ఒక మేనేజర్ వచ్చి, ఫలానా వాళ్లు టీ విరామానికి ఎన్నిసార్లు వెళ్లారో జాబితా ఇమ్మంటారు. నన్ను అడిగారు. ఇవ్వలేదు, ఇవ్వకుండా ఉండగలిగానంటే ఆ నియమం ముందే రాసి ఉండబట్టే. మీరూ ముందే రాయండి. పేర్లతో కూడిన వివరం ఆ ఉద్యోగికి, వివాదం వస్తే లెక్కలు చూసే ఒకరిద్దరికి మాత్రమే. కాంట్రాక్టర్‌కు ఏ వస్తువు ఎన్ని అమ్ముడైందో చాలు. లెక్కలకు అవసరమైన కాలం దాటాక పేర్లు తీసేయాలి. ఈ నియమాన్ని ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చుని రాస్తే, కార్డు మీద ఉన్న సగం అనుమానాలు అక్కడే పోతాయి.

కాంట్రాక్టు కార్మికులకు, శిక్షణలో ఉన్నవాళ్లకు కూడా మొదటి రోజు నుంచే కార్డు ఇవ్వండి. వాళ్ల సబ్సిడీ ఎవరు భరిస్తారన్నది మీరూ కాంట్రాక్టరూ తేల్చుకునే విషయం. అది తేలేదాకా వాళ్లను వేరే లైనులో నిలబెట్టకండి. కార్డు పోయిందని చెప్పే నంబరు రాత్రి షిఫ్టులో కూడా ఎత్తాలి, తాత్కాలిక కార్డు సెక్యూరిటీ గదిలోనే దొరకాలి.

మొదలుపెట్టేటప్పుడు అందరికీ ఒకేసారి పెట్టకండి. జనం తక్కువున్న షిఫ్టుతో, నెల మధ్యలో మొదలుపెట్టండి. మొదటి వారం ప్రతి కౌంటర్ పక్కన సాయం చేయడానికి ఒక మనిషి ఉండాలి. ఆ షిఫ్టులో లెక్క వరసగా పది రోజులు తేడా లేకుండా సరిపోయాక రెండోదానికి వెళ్లండి.

ఉద్యోగుల దగ్గర మిగిలిన పాత కూపన్లు చెల్లవని నోటీసు మాత్రం పెట్టొద్దు. అవీ వాళ్లు డబ్బిచ్చి కొన్నవే. కియోస్క్ పక్కన ఒక బల్ల వేసి, తెచ్చిన ప్రతి కూపన్ విలువా వాళ్ల కార్డులో సొంత డబ్బు అరలోకి ఎక్కించండి. చాలామందికి మొదటి బ్యాలెన్స్ అదే అవుతుంది.